మెటర్నిటీ షూటూ, మన ఊరి బట్టా

ఈ మధ్య ఆదోని, ఎమ్మిగనూరు వైపు పెళ్ళి ఫోటోలు తీసే ఏ స్టూడియో వాళ్ళ పేజీ తెరిచినా ప్రీ-వెడ్డింగ్ పక్కనే ఇంకో ఆల్బమ్ కనబడుతోంది. మెటర్నిటీ. తెరిచి చూడండి. అమ్మాయిలు వేరు, ఊర్లు వేరు, బట్ట మాత్రం ఒకటే. భుజాలు కనబడే పొడుగాటి గౌను, ఎరుపో, వైన్ రంగో, ల్యావెండరో. వెనకాల నాలుగు గజాలు జీరాడే తోక. ఆ తోకని అసిస్టెంటు కుర్రాడు గాల్లోకి ఎగరేసి, ఫ్రేములో పడకుండా పక్కకి దూకుతాడు. క్లిక్. మళ్ళీ ఎగరెయ్. క్లిక్.

ముందే చెప్పేస్తున్నా, ఇది "మన సంస్కృతి ఏమైపోతోందీ" బాపతు గోడు కాదు. షూట్ చేయించుకోండి, హాయిగా చేయించుకోండి. నా గొడవల్లా ఆ గౌనుతోనే. అది ఆ అమ్మాయి కోసం కుట్టింది కాదు, మన ఎండకి పనికొచ్చేది కాదు, ఫోటోకి కూడా అనుకున్నంత మంచిది కాదు. పైగా పత్తి పండే ఊళ్ళో, మగ్గం ఆడే ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో, ఎక్కడో సింథటిక్ మిల్లులో తయారైన నెట్టు గుడ్డని అద్దెకి తెచ్చి ఎనిమిదో నెల పిల్లకి చుట్టడం నాకెందుకో మింగుడు పడదు.

అసలు కడుపుతో ఉన్న ఆడపిల్లని ముస్తాబు చేసి ఫోటో తీయించడం మనకేమీ కొత్త కాదు. మీ ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే తీసి చూడండి. మీ అమ్మగారిదో పిన్నిదో పూలజడ ఫోటో ఒకటి ఉండే ఉంటుంది. స్టూడియోలో రంగుల తెర ముందు పక్కకి తిరిగి కూర్చుంటుంది. వెనకాల నిలువుటద్దం. అద్దంలో జడ, జడ నిండా కుట్టిన మల్లెమొగ్గలు. కర్ణాటక వైపు కూడా సరిగ్గా ఇదే పద్ధతి, వాళ్ళు మొగ్గిన జడె అంటారు. మనది ఎలాగూ సగం కన్నడం కలిసిన సీమ కాబట్టి రెండు పక్కల పేరంటాళ్ళూ ఆ ఫోటోలో సర్దుకునేవాళ్ళు. అది మెటర్నిటీ షూట్ కాక మరేంటండీ?

తేడా ఎక్కడుందంటే, ఆ ఫోటోలో అన్నీ కనబడతాయి, కడుపు తప్ప. జడ కనబడుతుంది, పుట్టింటి వాళ్ళు పెట్టిన పట్టుచీర కనబడుతుంది, నగలు కనబడతాయి. కడుపు మీదకి మాత్రం పైట వచ్చేస్తుంది, లేదా చెయ్యి అడ్డం వస్తుంది, లేదా ఒళ్ళో పండ్ల పళ్ళెం ఉంటుంది. బట్ట ఎంచుకోవడంలోనే ఆ దాపరికం ఉంది. బరువైన పట్టు, నిండు పైట, ఒంటి వంపు తెలియకుండా గంప కట్టినట్టు కట్టు. ఇప్పటి ఫోటోలో అసలు చూపించాల్సిందే కడుపు. కాబట్టి ఆ చీరా, ఆ కట్టూ యథాతథంగా పనికిరావు. ఏం కట్టుకోవాలన్న ప్రశ్న నిజంగానే కొత్తది. దానికి అద్దె గౌను తయారుగా దొరికిన జవాబు, అంతే.

దాచడం వెనకాల దిష్టి భయం ఉంది. "కడుపుని ఫోటో తీసుకుంటారేందిరా, ఆయుస్సు తగ్గుతాది" అనే అవ్వలు ఆదోనిలో ఇప్పటికీ ప్రతి వీధిలో ఉన్నారు. మనం నవ్వేస్తాం. నవ్వే ముందు ఒక లెక్క చూడండి. మన ఉమ్మడి రాష్ట్రంలో 2001-03 లెక్కల ప్రకారం ప్రతి లక్ష కాన్పులకి 195 మంది తల్లులు చనిపోయారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 45కి దిగింది. అంటే మనం ఇంజనీరింగు చదువుకుంటున్న రోజుల్లో కూడా పరిస్థితి అదీ. ఇక అవ్వ కాన్పుల కాలం సంగతి మీరే ఊహించుకోండి. పురిటికి పోయిన పిల్ల తిరిగి వస్తుందో రాదో తెలియని రోజుల్లో, ముందుగా సంబరం చేసుకోవడానికి జంకడం మూఢత్వమని నేననలేను. ఆవిడ అనుభవంలో ఉన్న డేటా అది. మన దగ్గరున్న డేటా వేరు, కాబట్టి మనం ఫోటో తీసుకోవచ్చు. కానీ అవ్వతో వాదన పెట్టుకుని గెలవాల్సిన పనేం లేదు. ఫోటో ఇప్పుడు తీసుకోండి, వాట్సాప్ స్టేటస్ బిడ్డ పుట్టాక పెట్టండి. ఆవిడా శాంతిస్తుంది, ఫోటో ఎక్కడికీ పారిపోదు. నలుపు వద్దంటే నలుపు మానేయండి. మిగతా రంగులన్నీ మీవే కదా.

సరే, గౌను దగ్గరకొద్దాం. కడుపునే చూపించే ఫోటోలకి దారి తీసింది 1991 ఆగస్టులో వానిటీ ఫెయిర్ పత్రిక అట్ట మీద ఆనీ లీబోవిట్జ్ తీసిన డెమీ మూర్ ఫోటో. అందులో బట్టే లేదు, అది వేరే కథ. 2017 ఫిబ్రవరిలో బియాన్సే పూల గుట్ట ముందు నెత్తిన మేలిముసుగు వేసుకుని కూర్చుని ఇన్‌స్టాగ్రామ్‌ని ఊపేసింది. ఆ తర్వాత మన సినిమా వాళ్ళూ అందుకున్నారు. 2022లో కాజల్ అగర్వాల్ కడుపుతో ఉన్న ఫోటోలు పెడితే, ఒళ్ళు గురించి కూతలు కూసినవాళ్ళకి ఆవిడే పద్ధతిగా గడ్డి పెట్టింది కూడా. వీళ్ళందరికీ బట్టలు ఎంచడానికి స్టైలిస్టు, కొలతకి కుట్టడానికి డిజైనరు, నిలబడ్డానికి ఏసీ స్టూడియో ఉంటాయి. ఆ మూడూ ఊడబీకేస్తే మిగిలేది మన అద్దె గౌను.

ఆ గౌను ఎలా పని చేస్తుందో దగ్గర్నుంచి చూశారా? ముందు వైపు లైక్రా సాగుతుంది. వెనకాల కొలత సరిపోకపోతే క్లిప్పులు పెట్టి బిగిస్తారు, ఎలాగూ వీపు ఫ్రేములో పడదు కాబట్టి. ఐదడుగుల అమ్మాయికీ అదే, ఐదున్నర అడుగుల అమ్మాయికీ అదే. ఇది ఎవరి సమస్యకి పరిష్కారమో గమనించండి. ఫోటోగ్రాఫర్ సమస్యకి! పది మందికి ఒకే గౌను సరిపోవాలి, ఇస్త్రీ అక్కర్లేకుండా మడతపెట్టి సంచిలో పడెయ్యాలి, తెలిసిన పోజులు నాలుగూ దానితో గబగబా అయిపోవాలి. మన భాషలో చెప్పాలంటే టెంప్లేటు. అతన్ని తప్పుపట్టడం లేదు. అతని వ్యాపారం అతనిది, పెళ్ళిళ్ళ సీజను కానప్పుడు ఇల్లు గడవాలి కదా. కాకపోతే ఎండ్ యూజర్ని అడక్కుండా డెలివరీ ఇచ్చే ప్రాజెక్టులు ఎలా తగలడతాయో మనకి ఒకరు చెప్పాలా :)

ఇప్పుడు ఒంటి సంగతి. షూట్ ఎక్కువగా ఏడో నెల దాటాక పెట్టుకుంటారు, కడుపు బాగా తెలుస్తుంది కాబట్టి. ఆ సమయంలో మామూలుగానే ఒంట్లో వేడి ఎక్కువ, రక్తప్రసరణ ఎక్కువ. మనకి వేసవిలో నలభై డిగ్రీలు దాటడం మామూలు విషయం. పాలియెస్టర్ చెమటని పీల్చదు. కడుపు మీద చర్మం సాగి అసలే దురదగా ఉంటుంది, దాని మీద నెట్టూ, చమ్కీ పనీ. మూడు గంటల షూటింగులో ఆ పిల్ల నవ్వు ఎందుకు బిగుసుకుపోయిందో ఎవరికీ అర్థం కాదు, "మేడమ్, స్మైల్ ప్లీజ్" అంటూనే ఉంటారు. ఇంకో మాట, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. ఎండలో గంటల తరబడి నిలబడితే కళ్ళు తిరగడం వింత కాదు. డిగ్రీలు చదివి ఐటీలో చేస్తున్నాం కదా అని మన ఇంటి ఆడవాళ్ళని ఆ లెక్కలోంచి తీసెయ్యకండి.

ఆ తోక మరీ ప్రమాదం. ఎనిమిదో నెలలో ఒంటి బరువు ముందుకి జరుగుతుంది, కీళ్ళు వదులవుతాయి, పాదాలు తనకి తనకే కనబడవు. అలాంటి మనిషికి కాళ్ళ చుట్టూ నాలుగు గజాల జారుడు గుడ్డ వేసి ఆదోని కోట బండల మీద నిలబెడితే ఎలా? కోట అంటే అందరికీ మోజే. ఆ గుండ్లూ, పాత గోడలూ, సాయంత్రం వెలుగూ నిజంగానే బాగుంటాయి. నాకూ ఇష్టమే. కాన్పయ్యాక బిడ్డని ఎత్తుకుని వెళ్ళండి, కొండ అక్కడే ఉంటుంది. ఇప్పటికైతే కారు దిగి పది అడుగులు వేస్తే చాలే చోటు చూసుకోండి. గాజులదిన్నె ప్రాజెక్టు కట్ట ఉంది, తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం ఉంది. ఎవరిదో చేను గట్టు, సొంత మేడ, అవ్వ ఇంటి అరుగు ఉన్నాయి. పొద్దున ఆరుకీ ఎనిమిదికీ మధ్య ముగించండి. వెలుగూ మెత్తగా ఉంటుంది, మనిషీ తాజాగా ఉంటుంది. రంగు పొగ గొట్టాలు, చుట్టూ దీపాలు పెట్టి తీసే సరదా ఉంటే మాత్రం ఒంటి మీద సింథటిక్ బట్ట ఉండనే కూడదు. నిప్పు తగిలితే అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. శ్రీమంతంలో హారతి పళ్ళెం దగ్గర కూడా ఇదే జాగ్రత్త.

ఇంతకీ గౌను కాకపోతే ఏంటి? నా ఓటు చేనేత నూలు చీరకి. ఇది సెంటిమెంటు కాదు, చూడ్డానికీ కట్టుకోవడానికీ అదే మేలని చెబుతున్నా.

ఆదోని అంటే పత్తి. రెండో బొంబాయి అని పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకునే ఊరు. రాష్ట్రంలో పేరున్న పత్తి మార్కెట్ యార్డు, ఊరి చుట్టూ జిన్నింగు మిల్లులు. ఇక ఎమ్మిగనూరు అంటే మగ్గం. 1938లోనే మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. చేతిలో పనున్నా దాని మీద హక్కు లేని నేతగాళ్ళని ఒక చోటకి చేర్చి నూలు ఇప్పించి, నేసిన బట్ట అమ్మిపెట్టే ఏర్పాటు. 1954లో, అంటే పద్మ పురస్కారాలు మొదలైన సంవత్సరమే, ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. మా ఇళ్ళల్లో పాతికేళ్ళు కప్పుకున్నా చిరగని దుప్పటి అంటే అది ఎమ్మిగనూరు దుప్పటే. ఇవాళ ఆ మగ్గాల చప్పుడు బాగా తగ్గిపోయింది. మరమగ్గం దెబ్బ, నూలు ధర దెబ్బ, పిల్లలు మనలాగా బెంగళూరు బస్సెక్కేసిన దెబ్బ. అయినా ఇంకా నేసేవాళ్ళు ఉన్నారు. వెతుక్కుంటూ వెళితే దొరుకుతుంది.

ఈ పత్తి గురించి చెబుతుంటే ఒక బొమ్మ కళ్ళ ముందుకి వస్తుంది. కోసిగి, ఆదోని పల్లెల నుంచి ఏటా సుగ్గికి పోతారు కదా, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి. ఆ గుంపుల్లో కడుపుతో ఉన్నవాళ్ళూ ఉంటారు. చీర మీద మొగుడి ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తలకి తువ్వాలు. పుల్లలు గీరుకోకుండా, ఎండ తగలకుండా. నా లెక్కలో ఈ సీమలో అసలైన మెటర్నిటీ డ్రెస్సు అదే. దాన్ని కనిపెట్టిన ఆమెకి కావలసినవన్నీ ఉన్నాయందులో - గాలి ఆడుతుంది, కడుపు మీద బిగించదు, పనికి అడ్డం రాదు. ఆమెని ఫోటో తీసినవాళ్ళు లేరు, అంతే.

మళ్ళీ చీర దగ్గరకి. నూలు అనగానే "ఫోటోలో డల్‌గా ఉంటుందేమో" అంటారు. అందుకే మన పక్కనే ఇంకో దారి ఉంది, తుంగభద్ర దాటి అవతలికి పోతే గద్వాల. గద్వాల చీర ఒడలంతా నూలు, అంచూ కొంగూ మాత్రం పట్టూ జరీ. కడుపు మీద పడేది మెత్తటి నూలు, కెమెరాకి మెరిసేది అంచు. కడుపుతో ఉన్నవాళ్ళ ఫోటో కోసమే ఎవరో ఆలోచించి నేశారా అనిపిస్తుంది. ఇంకో పక్కకి కర్ణాటకలోకి పోతే ఇలకల్ ఉంది. దాని ఎర్ర కొంగు ఒక్కటి చాలు ఫ్రేము నిండడానికి. అయితే ఇలకల్‌లో ఇప్పుడు ఆర్ట్ సిల్కు ఎక్కువ కలుస్తోంది, కొనే ముందు అడగండి. మరమగ్గం చీరని చేనేతని చెప్పి అంటగట్టేవాళ్ళు అన్ని ఊళ్ళల్లోనూ ఉన్నారు. అంచు పొడుగునా సన్నని సూది రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. నేసేటప్పుడు బట్ట సాగదీసి పట్టే కర్ర ములుకుల గుర్తులవి. అది ఒక్కటే రుజువని కాదుగానీ, చూసి అడిగితే కొట్టువాడు జాగ్రత్త పడతాడు.

ఇక కట్టు. ఇక్కడే చాలామంది పొరపడేది. కొత్త నూలు చీర గంజితో బిర్రుగా ఉంటుంది. అలాగే కట్టేస్తే ముందు పక్క గుడారంలా లేచి కడుపు వంపు అస్సలు తెలీదు, ఉత్త లావుగా కనబడతారు. గౌనే నయం అనిపించేది అప్పుడే. షూట్‌కి ముందే ఒకటి రెండు సార్లు నీళ్ళల్లో జాడించి గంజి వదలగొట్టి, నీడలో ఆరేసి కట్టండి. అప్పుడు ఒంటిని అంటిపెట్టుకుని జారుతుంది. కుచ్చిళ్ళు బొడ్డు దగ్గర కాదు, కడుపు కిందకి దించి దోపాలి. లంగా బొందు కూడా కడుపు కిందే, వదులుగా. సన్నటి తాడు కోసుకుంటుంది, దాని బదులు వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ వేయించుకోవచ్చు. పైటని వెడల్పుగా పరిచేస్తే పాత పూలజడ ఫోటో అవుతుంది. సన్నగా మడతలు పెట్టి భుజం మీద పిన్ను చేసి, పక్కకి తిరిగి నిలబడి, ఒక చెయ్యి కడుపు కింద, ఒక చెయ్యి పైన వేసి చూడండి. చర్మం చూపించాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది. చూపించకపోయినా వంపు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. చీరలో ఉన్న సుఖమే అది. నెలనెలా కొలత మారినా కొత్తది కొనక్కర్లేదు, కట్టు మార్చుకుంటే చాలు. కాళ్ళ దగ్గర మాత్రం చీలమండ కనబడేంత ఎత్తు కట్టండి. నేల ఊడ్చే కట్టు గౌను తోకతో సమానం.

చీర అలవాటు లేనివాళ్ళూ ఉన్నారు, బలవంతం ఏమీ లేదు. అదే ఎమ్మిగనూరు నూలు గుడ్డ మూడు నాలుగు మీటర్లు తీసుకుని మన టైలరుకిస్తే ఛాతీ కింద నుంచి కుచ్చులు వచ్చే పొడుగు గౌను కుడతాడు. ముందు పక్క గుండీలు పెట్టించుకుంటే తర్వాత పాలివ్వడానికీ పనికొస్తుంది. జేబులు కూడా పెట్టమనండి, ఎందుకు మొహమాటం.

రంగుల గురించి కెమెరా వైపు నుంచి రెండు ముక్కలు. సన్న గళ్ళూ, సన్న చారలూ వద్దు. సెన్సరు మీదుండే పిక్సెళ్ళ గ్రిడ్డుకీ, బట్ట నేతలోని గ్రిడ్డుకీ పడక ఫోటోలో అలలు అలలుగా రంగులు తేలతాయి. మొయిరే అంటారు. కాలేజీలో నైక్విస్ట్ శాంప్లింగు అని చదివి మర్చిపోయాం కదా, అదే ఇది, చీర మీదకొచ్చి కూర్చుంటుంది. పెద్ద గళ్ళు, లేకపోతే ఒకే రంగు ఒడలు ఉంటే మేలు. శాటిన్ అయితే ఫ్లాష్ పడ్డ చోటల్లా తెల్లటి మచ్చ, అదీ సరిగ్గా కడుపు ముందుకొచ్చిన చోట. నూలుకి ఆ బాధ లేదు, వెలుగుని మెత్తగా పరుస్తుంది. మన నల్లరేగడికీ, బూడిద రంగు బండలకీ ముందు ఆవపిండి పసుపు, ముదురు ఆకుపచ్చ, కుంకుమ ఎరుపు, నీలిమందు నీలం అన్నీ నిలబడతాయి. శ్రీమంతానికి ఎలాగూ ఆకుపచ్చ చీర, ఆకుపచ్చ గాజులు పెట్టే ఇళ్ళు మన వైపు చాలానే ఉన్నాయి. అదే చీరతో మర్నాడు పొద్దున షూట్ పెట్టుకుంటే రెండు పనులూ అవుతాయి. తెల్ల చీర మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు, బట్ట అల్లిక అంతా కాలిపోయి తెల్ల కాగితంలా వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఫోటోగ్రాఫరుకి ముందే చెప్పండి, మొహం తెల్లగా చెయ్యొద్దని. చామనఛాయ పిల్లకి ఎర్ర చీర కట్టి, ఎడిటింగులో మొహానికి సున్నం కొట్టి, చేతులు మాత్రం అసలు రంగులో వదిలేసిన ఫోటోలు ఎన్ని చూశానో!

ఇప్పుడు మీరడగబోయేది నాకు తెలుసు. గౌను అద్దె తక్కువ, నేత చీర ఖరీదు కదా అని. నిజమే, ఆ పూటకి లెక్కేస్తే గౌనే చవక. మన వాళ్ళల్లో చాలామందికి ఆ పూట లెక్కే ముఖ్యం, దాన్ని కాదనే హక్కు నెల జీతం పడే నాకు లేదు. డబ్బులు లేకపోతే కొత్త చీర కూడా అక్కర్లేదు. అమ్మ బీరువాలో ఉన్న పాత నూలు చీర తీయండి. పదేళ్ళు ఉతికిన నూలు ఎంత మెత్తగా ఉంటుందో ఏ షోరూములోనూ దొరకదు. అది కట్టుకుని తీసుకున్న ఫోటో ఎవరి ఫోటోలాగానూ ఉండదు. డబ్బులుండీ కేవలం "అందరూ అదే వేసుకుంటున్నారు" అని గౌను దగ్గర ఆగిపోయేవాళ్ళతోనే నా వాదన. పెళ్ళికి లక్షలు పోసి కంచిపట్టు కొన్న ఇంట్లో, ఈ ఒక్క చీర దగ్గరే పొదుపు ఎందుకు గుర్తొస్తుందో!

మరి ఆ అమ్మాయికే గౌను కావాలనిపిస్తే? వేసుకోనివ్వండి. నేను చెప్పిందంతా పక్కన పెట్టేయండి. తోక కత్తిరించినది వెతకండి, లోపల నూలు అస్తరు వేయించండి, నీడలో, సమతలం మీద, పక్కన ఒక మనిషి చెయ్యి అందేంత దూరంలో ఉండగా తీసుకోండి. ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ బాధపెట్టేది గుడ్డ కాదు, ఆ పిల్లని అడిగేవాళ్ళు లేకపోవడం. అత్తగారు రంగు చెబుతారు, అమ్మ నగలు చెబుతుంది, ఫోటోగ్రాఫరు గౌను చెబుతాడు, మొగుడు థీమ్ చెబుతాడు. అవును, మొగుడు కూడా, అంటే మనం. "బేబీ లోడింగ్" అని ప్రోగ్రెస్ బార్ ఉన్న టీ-షర్టులు జంటగా తెప్పించేది మన జాతే కదా. అందులో ఆ అమ్మాయి టీ-షర్టు మీద డెబ్బై ఐదు శాతం బారు సరిగ్గా కడుపు మీద వంకరగా సాగి ఉంటుంది. మన జోకు మనకే నవ్వొస్తుంది. ఆమె మాత్రం తొమ్మిది నెలలూ మోస్తున్నది లోడింగ్ బారు కాదు కదండీ.

అడగడం అంటే "నీకేం కావాలి?" అని ఒకసారి అనేసి ఊరుకోవడం కాదు. మన ఇళ్ళల్లో ఆ ప్రశ్నకి వచ్చే జవాబు "మీ ఇష్టం". అందుకే బట్టలు ముందే ఇంటికి తెప్పించి, ఎవరూ లేనప్పుడు ఒక పావుగంట కట్టుకుని తిరిగి చూడమనండి. కూర్చుని, లేచి, మెట్లు ఎక్కి, వంగి చెప్పులు తొడుక్కుని. ఎక్కడ గుచ్చుకుంటోందో, ఎక్కడ జారుతోందో అప్పుడే తెలుస్తుంది. మనం ఒక స్క్రీను రిలీజు చెయ్యాలంటే ఎన్ని రకాలుగా టెస్టు చేస్తామో, దానిలో పదో వంతు. షూట్ మధ్యలో వెల్లకిలా పడుకోబెట్టే పోజులు అడిగితే వద్దనండి. చివరి నెలల్లో ఎక్కువసేపు వెల్లకిలా ఉంటే బిడ్డ బరువు పెద్ద సిర మీద పడి తల్లికి తల తిరుగుతుంది. ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుంటే పైట కూడా చక్కగా పడుతుంది.

తర్వాత ఆ చీర ఏమవుతుంది? గౌను మర్నాటికి ఇంకొకరి క్లిప్పుల్లో ఉంటుంది. చీర ఇంట్లో ఉంటుంది. పురిటి గదిలో పసిబిడ్డకి కొత్త బట్ట వెయ్యరు, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర చింపి దాంట్లోనే చుడతారు. ఉయ్యాల కూడా దూలానికి చీరతోనే కట్టేవాళ్ళు. మీరు బెంగళూరు అపార్ట్‌మెంట్లో దూలం వెతుక్కోనక్కర్లేదు, చీరని చింపనూ అక్కర్లేదు. బిడ్డ బారసాలకి అదే చీర కట్టుకుని రెండో ఫోటో తీసుకోవచ్చు. ఈసారి కుచ్చిళ్ళు బొడ్డు దగ్గరే దోపుకుని, కావాలంటే కోట మీద.

ఒక్క రవిక సంగతి మాత్రం మర్చిపోకండి. కొలత నెల ముందు ఇస్తే షూట్ నాటికి బిగుసుకుపోతుంది. టైలరుకి బట్ట ముందే ఇచ్చేసి, కొలత మాత్రం షూట్‌కి వారం ముందు ఇస్తానని చెప్పండి. లోపల రెండు పక్కలా కుట్టు దండిగా వదలమనండి, హుక్కులు ముందు వైపే పెట్టమనండి. శ్రావణమాసం, పెళ్ళిళ్ళ సీజను దగ్గర పడితే మాత్రం ఆదోనిలో ఏ టైలరూ వారంలో కుట్టివ్వడు. అప్పుడు ముందే మాట తీసుకుని పెట్టుకోవాలి.